తాతగారి విత్తనములు

సేద్యము వదలిన కుటుంబములో పూర్వుల వ్యవసాయము ఏ రూపమున మిగులును? భూమి పరుల చేతికి పోవచ్చును; నాగలి మూలబడవచ్చును. కాని పెరటిలో ఏటేట చల్లెడి విత్తనము మిగులును. అమెరికాలోని అయోవా రాష్ట్రమునకు చెందిన ఆట్ కుటుంబ చరిత్ర ఇందుకు నిదర్శనము.

ఆ కుటుంబపు పూర్వులు 19వ శతాబ్దమున జర్మనీలోని బవేరియానుండి వలసవచ్చుచు, గులాబిరంగు టమాటా విత్తనములను, ఊదాపూలు పూయు ఒక తీగ విత్తనములను వెంట తెచ్చుకొనిరి. బాప్టిస్ట్ ఆట్ అను రైతు వానిని కాపాడి, 1970 దశకమున మనుమరాలు డయాన్‌కు ఇచ్చెను. స్వల్పకాలమునకే ఆయన మరణించెను. గింజలు అప్పటికే చేతులు మారకున్నచో ఆ రకములు ఆయనతోనే అంతరించియుండెడివేమో! ఇట్టి విత్తనములు ఇంకెన్ని యిండ్ల నున్నవో యని, ఆమెయు, భర్త కెంట్ వీలీయు 1975లో తోటమాలులు విత్తనములు మార్చుకొను సంఘమును స్థాపించిరి. అదియే నేటి సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్.

రకము చెడకుండుటకు శాస్త్రజ్ఞానము అవసరము. టమాటా పూవులో కేసరములు కీలమును గొట్టమువలె చుట్టియుండును. పుప్పొడి సామాన్యముగ ఆ పూవు కీలాగ్రముమీదనే పడును. కనుక పిల్లమొక్కలు తల్లిని పోలును. గుమ్మడి అట్లు కాదు. ఆడ, మగ పూవులు వేరు. తేనెటీగలు పొరుగు పాదు పుప్పొడిని తెచ్చును. అందుచే ఆడమొగ్గకు ముందే సంచి కట్టి, విచ్చిన పిదప అదే రకపు మగపూవు పుప్పొడిని చేతితో రాచి, మరల మూయుదురు.

విత్తనము ప్రాణముగలది. డబ్బాలో పెట్టి మరచినచో కొన్ని యేండ్లకు మొలకెత్తు శక్తిని కోల్పోవును. కావున విత్తనమును దాచుటయనగా దానిని మరల విత్తుటయే.