పొర తీయు వైద్యము: పూర్వకథ, పిమ్మటి జాగ్రత్త

చర్మము తనంత తానే పొర విడుచుచుండును. పైపొర యందలి కణములు అడుగున పుట్టి, మెల్లగా మీదికి జరిగి, ఇంచుమించు నెల దినములలో పొట్టువలె రాలిపోవును. ఈ సహజక్రియను ఔషధముచే త్వరపరచి, మచ్చలను, ముడుతలను, మొటిమలు మిగిల్చిన గుంటలను తగ్గింపజూచు చికిత్సకే కెమికల్ పీల్ అని పేరు. నేడు పట్టణములందలి చర్మవైద్యశాలలలో ఇది సాధారణమైనది. పొరను ఎంత లోతునకు తీయవలెను? తీసిన పిదప క్రొత్త చర్మమును ఎట్లు కాపాడవలెను? ఈ వైద్యము యొక్క చరిత్ర అంతయు ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే.

నునుపైన చర్మము కావలెనను కోరిక మిక్కిలి ప్రాచీనమైనది. క్రీ. పూ. 1550 ప్రాంతమున వ్రాయబడిన ఎబర్స్ పపైరస్ అను ఈజిప్టు వైద్యగ్రంథమున తేనె, ఉప్పు, సోడాక్షారము, అలబాస్టరు రాతిపొడి కలిపి పూయు యోగము కలదు. రోము చక్రవర్తి నీరో భార్య పొప్పియా ప్రయాణములలో సైతము 500 గాడిదలను వెంట నడిపించుకొని, వాని పాలలో స్నానమాడెడిదని ప్లినీ వ్రాసెను. పులిసిన పాలలోని లాక్టిక్ ఆమ్లమును స్వీడను రసాయనజ్ఞుడు షీలే 1780లో కనుగొనెను. మన ఇంటి పెరుగునకు పులుపునిచ్చునదియు అదియే; నేటి పీల్ ద్రవములలో ఒకటియు అదియే. అయితే పెరుగులోనిది మిక్కిలి పలుచన, వైద్యుని సీసాలోనిది మిక్కిలి పదును.

శాస్త్రరీతిని ఈ చికిత్స పందొమ్మిదవ శతాబ్దమున జర్మను భాషాప్రాంతములలో రూపు దాల్చెను. వియన్నాలో హెబ్రా అను వైద్యుడు మంగు, చిన్న మచ్చలు పోగొట్టుటకు పొర రేపు ద్రవ్యములను జాగ్రత్తతో వాడెను. హాంబర్గు నగరమున పాల్ గెర్సన్ ఉన్నా 1882లో సాలిసిలిక్ ఆమ్లము, రిసార్సినాల్, ఫినాల్, ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లము అను నాలుగింటి గుణములను వర్ణించెను. ఇందు ఫినాల్ అనగా కార్బాలిక్ ఆమ్లము. దీనిని 1834లో రుంగే బొగ్గు తారునుండి వేరుచేసెను. 1865లో లిస్టర్ గ్లాస్గోలో గాయములు కుళ్లకుండుటకు వాడెను. న్యూయార్కు వైద్యుడు మెక్కీ 1903 మొదలు దీనిని మొటిమల గుంటలకు ప్రయోగించి, తన అనుభవమును 1952లో గాని ప్రకటింపలేదు.

ఈ నడుమ ఈ విద్య వైద్యుల చేతిలో కంటె వైద్యులు కానివారి చేతిలో ఎక్కువగా వ్యాపించెను. లాస్ ఏంజిల్స్ నగరమునను, ఫ్లారిడాలోను కొందరు తమ మిశ్రమములను కులవిద్యవలె దాచుకొని, ధనవంతుల ముఖములకు పూసి జీవించిరి. రహస్యమున్నచోట పరీక్ష ఉండదు. పరీక్ష లేనిచోట ప్రమాదమునకు లెక్క ఉండదు. 1960 మొదలు వైద్యులు ఈ యోగములను పత్రికలలో ప్రకటింపసాగిరి. వానిలో మయామీ వైద్యుడు థామస్ బేకర్ 1962లో ప్రకటించినది ప్రసిద్ధము: 3 మిల్లీలీటర్ల ఫినాల్, 2 మిల్లీలీటర్ల నీరు, 8 చుక్కల ద్రవసబ్బు, 3 చుక్కల క్రోటన్ నూనె.

క్రోటన్ నూనె మనకు పరాయిది కాదు. అది నేపాళపు గింజల నూనె. ఆయుర్వేదమున జయపాలమని పిలువబడు ఈ గింజలు తీవ్రమైన విరేచనకారి. పాలలో ఉడికించి శుద్ధి చేయనిదే వానిని మందులలో వాడరు. అమెరికాలో మాత్రము నలుబది యేండ్లు పని యంతయు ఫినాలుదే యనియు, నూనె కేవలము సహాయమనియు నమ్మిరి. 2000లో గ్రెగరీ హెట్టర్ అను శస్త్రవైద్యుడు వరుస వ్యాసములలో, లోతును నిర్ణయించునది ముఖ్యముగా ఆ నూనె పాలేనని చూపెను. ఒక్క చుక్క హెచ్చుతగ్గులు మానుటకును, మచ్చ మిగులుటకును నడుమ భేదమని అప్పుడు తేలినది. ఫినాల్ రక్తములో చేరి గుండె లయను తప్పించుననుట 1979 నాటికే వెల్లడియైనందున, ఇట్టి లోతైన చికిత్స గుండెను గమనించు యంత్రము దగ్గర ఉంచుకొని, ముఖమును భాగములుగా విభజించి చేయవలసియున్నది.

మెత్తని మార్గము 1974లో తెరచుకొన్నది. వాన్ స్కాట్, యూ అను పరిశోధకులు చేపపొలుసులవలె చర్మము పెళుసెక్కు వ్యాధిలో కొన్ని ఫలామ్లములు మేలు చేయునని చూపిరి. చెరకులోని గ్లైకాలిక్ ఆమ్లము ఈ కోవలోనిదే. ఇవి పైపొరను మాత్రమే తాకును గనుక చామనచాయ, నల్లని మేనులకు తగినవి. మన చర్మమున రంగుకణములు చురుకైనవి. లోతుగా రేపినచో, మచ్చ పోవుటకు మారు క్రొత్త నల్లమచ్చ పుట్టవచ్చును. అందుచే మన దేశమున వైద్యులు పలుచని పీల్‌ను రెండు నుండి నాలుగు వారముల ఎడమిచ్చి, పలుమారులు చేయుదురు.

పిమ్మటి సంరక్షణకును చరిత్ర కలదు. పూర్వము ముఖమంతయు అంటుపట్టీలతో కప్పి, అవి తీసిన పిదప పొడి చల్లి పక్కు కట్టనిచ్చెడివారు. పొడిగానున్న పుండే మానునని ఆనాటి విశ్వాసము. 1962లో జార్జి వింటర్ పందిపిల్లలపై చేసిన ప్రయోగము దీనిని త్రోసివేసెను: తేమ నిలిచిన గాయముపై క్రొత్తపొర ఇంచుమించు రెట్టింపు వేగముతో పరచుకొనెను. నేటి లేపనవిధానమునకు ఆధారమిదియే.

కనుక చికిత్స చేయించుకొన్నవారు ముఖమును ఘాటులేని సబ్బుతో, గోరువెచ్చని నీటితో కడిగి, మెత్తని బట్టతో అద్దుకొనవలెను, రుద్దరాదు. వైద్యుడు చెప్పిన వాసెలిన్ వంటి లేపనమును పలుచగా పూయవలెను. ఊడు పొరను గోటితో లాగరాదు. దాని క్రింది చర్మము సిద్ధమైననాడు అదియే రాలును. సున్నిపిండి, నిమ్మరసము, ఆవిరి పట్టుట మానవలెను. పైపైన చేసినది వారములోపల మానును; మధ్యరకమునకు పది దినములు, లోతైనదానికి రెండు వారములు పట్టును, ఎరుపు నెలల తరబడి నిలుచును. అన్నిటికంటె ముఖ్యమైనది ఎండ. వైద్యుడు అనుమతించిన నాటినుండి ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని పూతను, గొడుగును విడువరాదు. నొప్పి హెచ్చినను, చీము పట్టినను, నీటిపొక్కులు లేచినను వెంటనే వైద్యుని చూడవలెను.

ఇప్పుడు గాఢమైన ఆమ్లములు తపాలాలో సైతము ఇంటికి వచ్చుచున్నవి. అట్టివానిని వైద్యుని పర్యవేక్షణ లేక వాడవలదని అమెరికా ఆహారౌషధ సంస్థ 2024 జూలైలో హెచ్చరించెను. రహస్యయోగముల కాలమున లోతెరుగని చేతులు చేసిన చేటునే, తెరచిన సీసాతో మన చేతులు మరల చేయరాదు.