ఫోర్క్‌లిఫ్టు దైనిక భద్రతా తనిఖీ

ఫోర్క్‌లిఫ్టు దైనిక భద్రతా తనిఖీ అనగా ప్రతిదినం పని ప్రారంభానికి ముందు ఆపరేటరు తన బండిని ఒక క్రమంలో పరీక్షించి, ఫలితాన్ని పట్టికలో నమోదు చేయడం. మూడు షిఫ్టులలో నడిచే కర్మాగారాలలో దీనిని షిఫ్టు మారినప్పుడల్లా చేస్తారు. మెకానిక్కు చేసే సర్వీసింగు దీనికి ప్రత్యామ్నాయం కాదు.

ఆవశ్యకత

ఫోర్క్‌లిఫ్టు త్రాసు వంటిది. ముందు ఇరుసు ఆధారబిందువు. ఒకవైపు ఎత్తిన బరువు, మరొకవైపు వెనుకనున్న ఇనుప ప్రతిభారం ఉంటాయి. 3 టన్నులు ఎత్తగల బండి స్వంత బరువే 4 టన్నులకు పైగా ఉంటుంది. సాధారణంగా వెనుక చక్రాలు తిరుగుట వలన మలుపులో బండి వెనుకభాగం వెడల్పుగా ఊగుతుంది. అందువలన బ్రేకు, టైరు, గొలుసులలో ఏ చిన్న లోపమైనా బండి బోల్తాపడడానికి, పాదచారుల మరణానికి దారితీయవచ్చు.

ఇంజను ఆపి చూడవలసినవి

* ఫోర్కులు: వంపు వద్ద పగుళ్ళు, అరుగుదల. మందం 10 శాతం అరిగితే ఫోర్కును తొలగించాలి; అప్పటికే దాని సామర్థ్యం సుమారు 20 శాతం తగ్గి ఉంటుంది.
* గొలుసులు: తుప్పు, పగుళ్ళు, రెండింటి బిగువు సమానంగా ఉన్నదా అన్నది. మాస్టు సందులలో చేయి పెట్టరాదు.
* హైడ్రాలిక్ గొట్టాలు: నేలపై నూనె మరకలు. సన్నని రంధ్రం నుండి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు కనుక లీకును చేతితో తడిమి వెదకరాదు.
* టైర్లు, చక్రాల నట్లు, సీటు బెల్టు, తలపై రక్షణ కప్పు, సామర్థ్యం తెలిపే పలక.
* బ్యాటరీ బండి అయితే కేబుళ్ళు, నీటిమట్టం. ఛార్జింగులో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక సమీపంలో నిప్పు ఉండరాదు.

ఇంజను నడిపి చూడవలసినవి

బ్రేకు, చేతిబ్రేకు, స్టీరింగు, హారను, దీపాలు పరీక్షించి, ఖాళీ ఫోర్కులను పైకెత్తి, దించి, ముందుకు వెనుకకు వంచి చూడాలి.

లోపం కనబడినప్పుడు

తాళంచెవి తీసి, "వాడరాదు" అన్న అట్ట తగిలించి, సూపర్‌వైజరుకు తెలియజేయాలి. తనిఖీకి విలువ వచ్చేది ఇక్కడే. లారీ వేచియున్నదని లోపమున్న బండినే నడిపించే చోట, చూడకుండానే గడులన్నిటిలో టిక్కులు పెట్టే అలవాటు ఏర్పడుతుంది. బండిని ఆపే అధికారం ఆపరేటరుకు లేకపోతే పట్టిక కేవలం కాగితమే.

చట్టాలు

అమెరికాలో ఓషా నిబంధనల ప్రకారం ఈ తనిఖీ కనీసం దినానికొకసారి, రాత్రింబవళ్ళు వాడే బండ్లకు ప్రతి షిఫ్టు తరువాత తప్పనిసరి. భారతదేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను, బరువులెత్తే యంత్రాలను 12 నెలలకొకసారైనా అర్హుడైన వ్యక్తి పరీక్షించాలని నిర్దేశించింది. ఈ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. వార్షిక పరీక్ష ఉన్నా దైనిక తనిఖీ అవసరం తీరదు. నిన్న బాగున్న గొట్టం నేడు పగలవచ్చు.

పెద్దపల్లి జిల్లాలో ప్రాముఖ్యత

2016లో ఏర్పడిన పెద్దపల్లి జిల్లాలో రామగుండం ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రం, గోదావరిఖని పరిసరాల సింగరేణి గనులు, బసంత్‌నగర్ సిమెంటు కర్మాగారం, 2021లో ఉత్పత్తి ప్రారంభించిన రామగుండం ఎరువుల కర్మాగారం ఉన్నాయి. ఇటువంటి భారీ పరిశ్రమల స్టోర్లలో మోటార్లు, విడిభాగాలు తరలించడానికి ఫోర్క్‌లిఫ్టులు ఉపయోగపడతాయి. బొగ్గు, సిమెంటు ధూళి రేడియేటరును, గాలి వడపోతను త్వరగా మూసివేస్తుంది. రామగుండం ఎండలు తీవ్రమైనవి కనుక వేసవిలో రేడియేటరు నీటిని, బ్యాటరీ నీటిని, టైర్ల గాలిని మరింత శ్రద్ధగా చూడాలి. దసరాకు ఆయుధపూజలో యంత్రానికి బొట్టుపెట్టే ఆచారం ఇక్కడ ఉన్నది. మిగిలిన దినాలలో యంత్రానికి చేయవలసిన సేవ ఈ తనిఖీయే.