ఐనో ఆవరణాన్ని పక్కనుంచి చూడటం: ఒక చరిత్ర

జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో ఈ పాఠం చదువుతున్న మీరు ఫోనులో దారి చూసుకునే ఉంటారు. సుమారు 20,200 కి.మీ. ఎత్తు నుంచి వచ్చే జీపీఎస్ సంకేతాన్ని ఐనో ఆవరణంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఆలస్యం చేస్తాయి. దారి చూపేవారికి అది దోషం. పరిశోధకులకు అదే కొలబద్ద అయింది.

ఈ పొర ఉనికిని 1924లో ఆపిల్టన్, బార్నెట్ రేడియో తరంగాలతో నిరూపించారు. 1950లలో వాల్తేరులో ఆచార్య బి. రామచంద్రరావు బృందం దీనిపై పరిశోధన సాగించింది. అయితే నేలమీది నుంచి పంపిన తరంగం, ఎలక్ట్రాన్లు అత్యంత సాంద్రంగా ఉండే ఎత్తు (దాదాపు 300 కి.మీ.) వరకే సమాచారం తెస్తుంది. దాన్ని దాటితే తిరిగి రాదు. నేలమీది జీపీఎస్ గ్రాహకమైతే దారి పొడవునా ఉన్న మొత్తం ఎలక్ట్రాన్లను చెబుతుంది కానీ, ఏ ఎత్తులో ఎన్నో చెప్పదు. బస్తాను తూచినంత మాత్రాన లోపలి సరుకు ఎలా సర్దారో తెలుస్తుందా?

దారి అంగారకుడి దగ్గర దొరికింది. 1965 జూలైలో మారినర్-4 ఆ గ్రహం వెనక్కి మరుగవుతున్నప్పుడు దాని సంకేతంలో వచ్చిన మార్పునుబట్టి అక్కడి ఐనో ఆవరణాన్ని కొలిచారు. అదే పద్ధతిని జీపీఎస్‌తో భూమికి వర్తింపజేయడానికి ముప్పై ఏళ్లు పట్టింది: 1995లో అమెరికా మైక్రోల్యాబ్-1. కక్ష్యలోని గ్రాహకానికి జీపీఎస్ ఉపగ్రహం దిగంతం కింద మునుగుతుంటే, చూపురేఖ ఒక్కొక్క ఎత్తునూ దాటుతూ కిందికి జారుతుంది. రెండు పౌనఃపున్యాల ఆలస్యాల తేడా నుంచి ఒక్కో ఎత్తులోని ఎలక్ట్రాన్ సాంద్రతను లెక్కగడతారు.

శ్రీహరికోట నుంచి 2009 సెప్టెంబర్ 23న ఓషన్‌శాట్-2, 2011 అక్టోబర్ 12న మేఘా-ట్రాపిక్స్ ఇటలీవారి రోసా గ్రాహకాన్ని తీసుకెళ్లాయి. దాని ముఖ్య లక్ష్యం కింది వాతావరణమే అయినా పద్ధతి ఇదే. మేఘా-ట్రాపిక్స్ కక్ష్య వాలు 20 డిగ్రీలే. అట్లాసు తెరవండి: మీ జిల్లాలు ఆ పట్టీలోనే ఉన్నాయి.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. చూపురేఖ పొడవునా, ఒకే ఎత్తులో సాంద్రత సమానంగా ఉంటుందని ఈ లెక్క భావిస్తుంది. మన ఆకాశంలో అలా ఉండదు. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. రాకెట్లకు తుంబాను ఎంచుకున్నదీ అందుకే. పగలు అక్కడ పైకి లేచిన ఎలక్ట్రాన్లు ఉత్తరానికి జారి గుజరాత్, మధ్యప్రదేశ్‌ల వైపు పోగుపడతాయి. తెలంగాణ ఆ వాలు మీద ఉంది. అందుకే ఉపగ్రహం ఇచ్చిన లెక్కను నేలమీది కొలతలతో సరిచూడక తప్పదు. విమానాలకు దారి చూపే మన గగన్ వ్యవస్థ కూడా ఐనో ఆవరణ దోషాన్ని దేశమంతటా ఉన్న నేలకేంద్రాల కొలతలతోనే సవరిస్తుంది.