అందఱెఱిగిన తాళపుచెవి

మా తాతగారి తాళపత్రముల ఛాయాచిత్రములను నా యింటి సర్వరునందు, అనగా దూరపు బంధువులకు సైతము వానిని జూపు కంప్యూటరునందు, భద్రపఱచితిని. నెలకొల్పిన రాత్రియే అపరిచితులు పాస్‌వర్డులు మార్చి మార్చి ద్వారము తట్టిన జాడలు దాని చిట్టాలో గనబడెను. నేనో, తొలి పాస్‌వర్డును మార్చియుండలేదు.

2016వ సంవత్సరపు వృత్తాంతము స్మరణకు వచ్చినది. మిరాయి యను దుష్ట ప్రోగ్రాము, కర్మాగారపు పాస్‌వర్డులు మార్చని ఇండ్ల కెమెరాలను, రౌటర్లను వెదకి, అఱువదికిపైగా పేరు-పాస్‌వర్డుల జతలతో లోనికి జొచ్చెను. అక్టోబరు 21వ తేదీన అట్టి యంత్రములు పెక్కువేలు, వెబ్‌సైట్లకు దారిచూపు డైన్ అను సంస్థపై నొక్కుమ్మడి బడగా, అమెరికాలో ట్విట్టరు పలువురకు గంటలకొలది అందకపోయెను. తమ వస్తువులే పరులను బాధించుచున్నవని ఆ యిండ్లవా రెఱుగరు.

వెంటనే పాస్‌వర్డు మార్చి, అక్కఱలేని ద్వారములు మూసి, ఛాయాచిత్రముల ప్రతి నొకదానిని వేఱుగా దాచితిని. మన యింటి గడియ పొరుగువానికిని రక్ష.