నుదుటి వ్రాతయు నోటి మాటయు

నల్లగొండ పట్టణము నానుకొనియున్న పానగల్లు, ఒకనాడు కందూరు చోడులకు రాజధానియై, ఉదయసముద్రమను మహాతటాకముతోను, ఛాయాసోమేశ్వర, పచ్చల సోమేశ్వరాలయములతోను విరాజిల్లిన ప్రాచీన గ్రామము. ఆ సీమలో పంట చేతికందినను, ఎండిపోయినను, ‘రాసిపెట్టి ఉన్నది’ యనుట జనుల నోట సహజముగా వెలువడు మాట. అయినను ఆ మాట యన్న రైతే కోడికూతకు ముందు లేచి మోట తోలుటకు బావికడకు నడచెడివాడు. విధియందలి నమ్మికయు, పురుషకారమందలి పూనికయు ఒక్క యింటనే వైరము లేక కాపురము చేయుచుండెడివి.

ఇట్టి సీమకు 1890లో అబ్రహాం ఫ్రీజెన్, ఆయన భార్య మరియా వచ్చి నల్లగొండలో క్రైస్తవ ప్రచారకేంద్రమును నెలకొల్పిరి. అమెరికన్ బాప్టిస్టు సంఘము పక్షమున వచ్చినను వారు అమెరికనులు కారు. దక్షిణ రష్యాలో స్థిరపడి జర్మను భాష మాటలాడు మెన్నొనైటు బ్రదరన్ శాఖకు చెందినవారు. మెన్నొనైటు కుటుంబమున పుట్టిన బిడ్డ ఈడు రాగానే ఆచారముగా జ్ఞానస్నానము పొంది సంఘసభ్యుడగుట చాలదని, ప్రతి మనుష్యుడును తనంత తాను పశ్చాత్తాపపడి, తన నోట ఒప్పుకొని, నీట మునుగవలెనని పట్టుపట్టి 1860లో వేరుపడిన చిన్నసంఘ మది.

ఈ పట్టుదల వెనుక నెత్తుటి చరిత్ర కలదు. సర్వజ్ఞుడైన దేవునికి ముందే తెలిసినది జరుగక తప్పదేని పాపిని దండించుట న్యాయమా? మనుష్యుని యెంపికయే అతనిని తరింపజేయునేని కృపకు చోటెక్కడ? ఈ రెండు ప్రశ్నలును నిజాయితీ గలవే. అందుచేతనే క్రైస్తవలోకము వీనిని పదునైదు శతాబ్దులకు పైగా విడువలేకపోయినది. పతితుడైన మానవుడు తన బలముచేత లేవలేడని, కృపకు పాత్రులగువారిని దేవుడే ఏర్పరచుకొనెనని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను వాదింపగా, మంచిచెడ్డలు మనుష్యుని చేతిలోనివేయని పెలాజియసు ఎదిరించెను. 418లో కార్తేజి సభ పెలాజియసు వాదమును త్రోసిపుచ్చెను. 1524లో ఎరాస్మసు స్వేచ్ఛను సమర్థించుచు వ్రాయగా, మరుసటి యేట లూథరు మానవసంకల్పము బంధితమేయని ఘాటుగా బదులు చెప్పెను. కాల్విను ఆ ఏర్పాటు సిద్ధాంతమునకు శాస్త్రరూప మిచ్చెను. మెన్నొనైటులకు పూర్వులనదగిన అనబాప్టిస్టులలో పండితుడైన బాల్తసార్ హూబ్మయరు 1527లో మానవసంకల్ప స్వాతంత్ర్యమును గూర్చి రెండు గ్రంథములు వ్రాసెను. మరుసటి యేడు మార్చి 10న వియన్నాలో ఆయనను సజీవముగా దహించిరి, మూడు దినములకు ఆయన భార్యను డాన్యూబు నదిలో ముంచి చంపిరి. 1618–19లో డచ్చి దేశపు డోర్టు సభ కాల్విను పక్షమునే నిలిపి, మానవసంకల్పమునకు చోటిచ్చిన ఆర్మీనియసు అనుచరులను వెలివేసెను. రాజకీయవైరము కూడ తోడై, ఆ అనుచరులకు అండగా నిలిచిన ఓల్డెన్‌బార్నెవెల్టు అను 71 ఏండ్ల వృద్ధమంత్రి శిరస్సు తెగెను.

ఈ వాదము తెలుగువారికి దూరమైనదని తలంపరాదు. ఇంగ్లండులోని బాప్టిస్టులలో పెక్కురు, దేవుడు ఏర్పరచినవారు ఎట్లును రక్షింపబడుదురు గనుక అందరిని పిలుచుట అనవసరమని భావించుచుండగా, ఆండ్రూ ఫుల్లరు 1785లో ఏర్పాటును నిరాకరింపకయే, పిలుపు అందరిదియు, దానిని వినవలసిన బాధ్యతయు అందరిదియేయని నిరూపించెను. ఆ ఆలోచన పండియే 1792లో విలియం కేరీ మొదలగువారు బాప్టిస్టు మిషనరీ సంఘమును స్థాపించుటయు, కేరీ బృందము నడపిన శ్రీరాంపురపు ముద్రాలయమునుండి 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడుటయు జరిగెను. 1836లో మన దేశమునకు వచ్చిన శామ్యూల్ డే నాటిన అమెరికన్ తెలుగు మిషనుకూడ ఆ తలపు చూపిన బాటనే నడచినది.

ఆ మిషను చరిత్రలో సంకల్పస్వేచ్ఛకు కఠినపరీక్ష ఒంగోలులో ఎదురయ్యెను. 1876–78 నాటి ఘోరక్షామములో మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకమును గుత్తకు తీసికొని వేలమంది మాల మాదిగలకు కూలి కల్పించెను. తట్టలు దింపి సేదదీరు వేళ తెలుగు బోధకులు చెప్పిన మాటలు విని అనేకులు బాప్తిస్మము కోరగా, ఆయన కరవుపని ముగియువరకు ఒక్కరికిని ఇయ్యలేదు. ఆకలిగొన్నవాడు అన్నము పెట్టు చేతిని చూచి అనుమాట అతని మాటయగునా యను శంకయే అందుకు కారణము. వచ్చువారు ముందే నిశ్చయింపబడినవారని నమ్మినవానికి ఈ నిరీక్షణ అక్కరలేదు. కాని ఆయన వేచియుండెను. కూలి ఆగినను, జనము ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో, వెల్లంపల్లి కడ, 2,222 మంది మునిగిరి. ముంచినవారు తెలుగు బోధకులే.

నల్లగొండసీమలో ఆ పరీక్ష వేరొక రూపము దాల్చినది. నిజాము పాలనలో దొరలకు, పటేలు పట్వారీలకు వెట్టి చేయు మాదిగవానికి తన దినమే తనది కాదు; కబురు మోయుటయు, చెప్పులు కుట్టి యిచ్చుటయు, జాతరకు డప్పు కొట్టుటయు పుట్టుకతోడనే అతని నుదుట వ్రాయబడినవని ఊరు నమ్మినది, పెక్కుసార్లు అతడును నమ్మినాడు. అతనికి స్వేచ్ఛాసంకల్పమును గూర్చి డోర్టు పండితులవలె ఉపన్యసించిన ప్రయోజనమేమి? అయినను బాప్తిస్మమునకు ముందు సంఘము ఎదుట అతనిని నిలువబెట్టి, నీవు నమ్ముచున్నావా యని అడిగినప్పుడు, తండ్రిగాని, కులపెద్దగాని, దొరగాని అతనికి మారుగా బదులు చెప్ప వీలులేదు. బంధుత్వముల వెంటనే ఈ మతము పల్లెనుండి పల్లెకు ప్రాకినమాట నిజమే, వాడలు వాడలే కలసివచ్చిన మాటయు నిజమే. కాని నీటిలోనికి దిగినది ఒక్కొక్కడే. తమను ముందుగా ఏర్పరచినవాడు దేవుడేయని వారు సంతోషముగా పాడుకొనిరి, ఔనన్న నోరు తమదేయని గట్టిగా ఎరిగిరి. ఆ రెంటిని కలిపి పట్టుకొన్న వారి విశ్వాసము వాదమున గెలిచినవారి తర్కముకంటె లోతైనదని నా నమ్మకము. ఆదివారము పనికి రామనియు, చచ్చిన గొడ్డు మాంసము తినమనియు, జాతరలో డప్పు ముట్టమనియు అన్నందుకు పటేలు కోపమునకు గురియైనపుడు, ఆ ఔనన్న మాటనే ప్రతివాడును మరల, ఈసారి ఊరందరి యెదుట, చెప్పవలసివచ్చెను.