భూదాన్ పోచంపల్లి

భూదాన్ పోచంపల్లి యాదాద్రి భువనగిరి జిల్లాలోని చేనేత ఊరు, మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు నల్లగొండ జిల్లాలో ఉండేది. హైదరాబాదు నుంచి విజయవాడ రహదారిలో వస్తూ కొత్తగూడెం చౌరస్తా దగ్గర ఎడమకు తిరిగితే ఊరికి దారి.

రైతాంగ సాయుధ పోరాటంతో నల్లగొండ పల్లెలు అట్టుడుకుతున్న కాలంలో, శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకుని కాలినడకన బయలుదేరిన వినోబా భావే 1951 ఏప్రిల్ 18న ఇక్కడికి వచ్చారు. దళితవాడకు వెళ్లి ఏం కావాలని అడిగితే, సాగు చేసుకోవడానికి 80 ఎకరాలు ఇప్పించమని అక్కడి కుటుంబాలు అడిగాయి. వినోబా ఆ మాటను ఊరివాళ్ల ముందే పెట్టారు. ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలై దేశమంతా పాకింది, ఊరి పేరుకు ముందు ‘భూదాన్’ చేరింది. దాత పేరు పుస్తకాలకెక్కింది. నోరు తెరిచి భూమి అడిగిన కుటుంబాలకూ అంతే చోటు దక్కాలి. వాళ్లు అడగబట్టే ఆ దానం జరిగింది.

పేరు భూమిది, బతుకు మాత్రం మగ్గానిది. ఇక్కడి నేతను బయట ఇక్కత్ అంటారు, నేతగాళ్లు చిటికి అంటారు. నూలును నేయకముందే గీసుకున్న లెక్క ప్రకారం సైకిల్ ట్యూబు రబ్బరు పీలికలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగు. పడుగు, పేక రెండింటికీ ఇలా చేస్తే మగ్గం మీద గళ్లు కచ్చితంగా కలవాలి. వెంట్రుకవాసి జరిగినా అంచు చెదురుతుంది. మొదట నూలు బట్టే నేసేవారు, 1970 ప్రాంతంలో పట్టు వచ్చింది. 2004–05లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది.

చిటికి కట్టే ముందు ఆసు పోయాలి. ఒక మేకు నుంచి ఎదురుగా అర్ధచంద్రాకారంలో ఉన్న మేకులకు దారం చుడుతూ, చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. తరతరాలుగా ఈ పని ఆడవాళ్లదే, భుజాల నొప్పీ వాళ్లదే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి కష్టం చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి, ఆమె పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. పోచంపల్లి నేతకు జరిగిన మేళ్లలో ఈ యంత్రాన్ని మించింది అరుదు.

ఊళ్లో వినోబా మందిరం, నేత పనులు చూపే పర్యాటక కేంద్రం, చేనేత సహకార సంఘం ఉన్నాయి. పక్కనే కనుముకులలో చేనేత పార్కు, జలాల్‌పూర్‌లో గ్రామీణ యువతకు చేతిపనులు నేర్పే స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ ఉన్నాయి. 2018లో పురపాలక సంఘమైనా, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. మండలంలోని పొలాలకు మూసీ కాలువలే ఆధారం; హైదరాబాదు మురుగు కలిసిన ఆ నీటితోనే వరి పండుతోంది.