థామస్ డూలీ

థామస్ డూలీ (జననం 1961 మే 12) జర్మనీలో పుట్టి, అక్కడే ఆట నేర్చి, అమెరికా జాతీయ జట్టుకు కెప్టెన్ అయిన ఫుట్‌బాల్ డిఫెండర్. అమెరికా తరఫున 81 మ్యాచ్‌లు ఆడి 7 గోల్స్ చేశాడు. అతని తొలి ప్రపంచ కప్ మ్యాచ్ మిచిగాన్‌లోని పాంటియాక్‌లో జరిగింది.

పశ్చిమ జర్మనీలోని బెఖ్‌హోఫెన్ అతని సొంతూరు. తల్లి జర్మన్, తండ్రి అమెరికా సైనికుడు. డూలీ ఆలస్యంగా వెలుగులోకి వచ్చాడు. హోంబుర్గ్ క్లబ్ 1986లో బుందెస్‌లీగాకు చేరేనాటికే అతనికి పాతికేళ్లు. 1988లో కైజర్స్‌లాటెర్న్‌కు మారాక దశ తిరిగింది. ఆ జట్టు 1990లో జర్మన్ కప్, మరుసటి ఏడాది లీగ్ టైటిల్ గెలిచింది. 1953 తర్వాత ఆ క్లబ్‌కు దక్కిన తొలి లీగ్ టైటిల్ అదే.

జర్మనీ జాతీయ జట్టు నుంచి పిలుపు రాలేదు. తండ్రి దేశం పిలిచింది. 1992 మే 30న వాషింగ్టన్‌లో ఐర్లాండ్‌పై అమెరికా 3–1తో గెలిచిన మ్యాచ్‌తో డూలీ అరంగేట్రం చేశాడు. మరుసటి ఏడాది జూన్‌లో ఇంగ్లండ్‌పై 2–0 విజయంలో ఒక గోల్ అతనిదే. నాలుగు రోజులకే షికాగోలో జర్మనీపై రెండు గోల్స్ కొట్టాడు. జర్మనీ 4–3తో గట్టెక్కింది.

1994 జూన్ 18న పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో అమెరికా స్విట్జర్లాండ్‌తో తలపడింది. పైకప్పు కింద జరిగిన మొదటి ప్రపంచ కప్ మ్యాచ్ అది. గాలి ఒత్తిడితో నిలిచే ఆ గుడ్డ కప్పు కింద గడ్డి పెరగదు. అందుకని మిచిగాన్ స్టేట్ యూనివర్సిటీ నిపుణులు స్టేడియం బయట, ఆరు పలకల ఉక్కు తొట్లలో గడ్డి పెంచారు. ఆ తొట్లను లోపలికి తెచ్చి, అంచుకు అంచు కలిపి మైదానంగా పరిచారు. ఎయిర్ కండిషనింగ్ లేక లోపలంతా ఉక్కపోత. కోచ్ బోరా మిలుతినోవిచ్ డూలీని మిడ్‌ఫీల్డ్‌లో, డిఫెన్స్‌కు కాస్త ముందు నిలిపాడు. మ్యాచ్ 1–1తో డ్రా అయింది. తర్వాత కొలంబియాపై గెలుపుతో అమెరికా రెండో దశకు చేరి, జులై 4న బ్రెజిల్ చేతిలో 0–1తో ఓడింది.

తర్వాత బేయర్ లెవర్‌కుసెన్, షాల్కే క్లబ్‌లకు ఆడి, 1997లో కొలంబస్ క్రూలో చేరాడు. 1998 ప్రపంచ కప్ ముందు జాన్ హార్క్స్‌ను జట్టు నుంచి తప్పించడంతో కెప్టెన్సీ డూలీకి వచ్చింది. జూన్ 15న పారిస్‌లో, 37 ఏళ్ల వయసులో, పుట్టిన దేశంపైనే జట్టును నడిపించాడు. జర్మనీ 2–0తో గెలిచింది. అమెరికా మూడు మ్యాచ్‌లూ ఓడి ఇంటిదారి పట్టింది. ఆ ఫలితాన్ని బట్టి డూలీని తూచడం న్యాయం కాదు. ఐరోపా అగ్రశ్రేణి లీగ్‌లో ఆడిన అమెరికన్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే ఉన్న కాలంలో ఆ జట్టుకు అనుభవం అందించినవాడు అతడు.

2000లో మెట్రోస్టార్స్‌కు ఆడి రిటైరయ్యాడు. 2010లో అమెరికా ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 2014లో ఫిలిప్పీన్స్ కోచ్ అయ్యాడు. 2018 మార్చిలో ఆ జట్టు తజికిస్తాన్‌ను ఓడించి తొలిసారి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. 2019 జనవరిలో ఆ టోర్నీ ఆడేనాటికి కోచ్ మాత్రం స్వెన్ యోరాన్ ఎరిక్సన్.